కాలు వెనక్కి జరపగానే గుర్రం ట్రాట్‌లోనే ఉరుకుతోంది, కాంటర్ రావట్లేదు

ఎర్రజూలు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయేదాన్ని, ఇప్పుడు తట్టుకోలేక అడుగుతున్నాను. మా ఆడగుర్రం పేరు మినుకు. 9 ఏళ్లు, రేసులు మానేసి వచ్చింది. 14 నెలలుగా నేనే ఎక్కుతున్నాను. వాక్‌లో (మామూలు నడకలో) పేచీ లేదు. ట్రాట్ (మెల్లటి దౌడు) అయితే చూసినవాళ్లు బాగుందనే అంటారు.

కాంటర్ (దానికంటే పై మెట్టు పరుగు) అడిగామా, కథ మొదలు. బయటి కాలు (వలయానికి బయటివైపున్న నా కాలు) అలా వెనక్కి జరుపుతానో లేదో తల పైకెత్తేస్తుంది, వీపు గట్టిపడిపోతుంది, ట్రాట్ వేగం పెరిగిపోతుంది. కుట్టుమిషన్ మీద కూర్చున్నట్టే ఉంటుంది. 20 మీటర్ల వలయంలో సగం అలాగే ఉరికి ఉరికి, చివరికి తడబడి కాంటర్‌లో పడుతుంది. అవును, ఎక్కడం కాదు, పడడమే. కుడివైపు ఎలాగో సరిపెట్టుకుంటున్నాను. ఎడమవైపు తిరిగితే ఐదుసార్లలో నాలుగుసార్లు తప్పు లీడ్ (లోపలి ముందు కాలికి బదులు బయటి ముందు కాలు ముందుండడం).

నాకు నేర్పేవారు కాలితో ఇంకా నొక్కమని "ఇంకా కాలు వెయ్, ఇంకా వెయ్" అంటారు. వేస్తున్నాను. వేసినకొద్దీ అది ఇంకా ఉరుకుతోంది. విప్ కూడా చూపించాను, దాంతో టెన్షన్ పెరిగింది తప్ప ఒరిగిందేమీ లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మూడోడెక్క:

ముందు ఒంటి సంగతి చూడండి, తర్వాత స్వారీ సంగతి. జీను తీసేసి, వెన్నెముకకి అటూ ఇటూ కండ మీద రెండు వేళ్లతో భుజం వెనక నుంచి నడుము దాకా మెల్లగా నొక్కుకుంటూ రండి. ఎక్కడైనా వీపు కిందికి జారిపోయినా, చెవులు వెనక్కి వాలినా, తోక విసిరినా ఆ చోటు గుర్తుపెట్టుకోండి. పళ్లు చివరిసారి ఎప్పుడు అరగదీయించారు? ఒకవైపే తప్పు లీడ్ వస్తోందంటే వెనక కాలి మడమ కీలు, మోకాలి చిప్ప, నడుము కూడా డాక్టర్‌కి ఓసారి చూపించడం మంచిది. నొప్పి ఉన్న గుర్రానికి ఎన్ని పాఠాలు చెప్పినా దండగ.

ఎర్రజూలు:

థాంక్సండీ. రెండు నెలల క్రితమే పళ్లు చూపించాను. వీపు నొక్కి చూస్తే ఏమీ అనలేదు, పైగా నిద్రమొహం పెట్టింది. డాక్టర్‌తో కూడా మాట్లాడతాను.

పాతరికాబు:

ఎర్రజూలు గారూ, మీరు రాసింది చదువుతుంటే నా పాత రోజులే కళ్లముందు కనపడ్డాయి. మొండి గెల్డింగ్ (విత్తులు తీయించిన మగగుర్రం) ఒకటి ఉండేది నాకు. ఐదు నెలలు దాన్ని ఇలాగే తరిమాను. తప్పంతా దానిదే అని అందరికీ చెప్పుకుని తిరిగాను కూడా. ఓ రోజు స్నేహితుడు ఫోన్‌లో వీడియో తీసి చూపించాడు. సిగ్గేసింది. కాంటర్ అడిగే క్షణానికి నేను ముందుకు వంగిపోతున్నాను, లీడ్ సరిగ్గా వచ్చిందా లేదా అని లోపలి భుజం మీదికి తొంగి చూస్తున్నాను, బయటి మడమ దాని డొక్క దాకా పైకి పోతోంది. అంటే ఏ వెనక కాళ్ల మీద బరువు పెట్టమని అడుగుతున్నానో, నా బరువంతా తీసి ముందుకాళ్ల మీద పడేస్తున్నాను. పాపం అదేం చేస్తుంది? ముందుకు పడిపోకుండా ఉండడానికి ఉరుకుతోంది.

అసలు సంగతి అడుగుల లెక్కలో ఉంది. నేను దీన్ని తాళంలో నేర్చుకున్నాను, మీకూ పనికొస్తుందేమో చూడండి. వాక్ అంటే తకధిమి, నాలుగు డెక్కలు నాలుగు దెబ్బలు. ట్రాట్ అంటే తక, తక. ముందు కుడీ వెనక ఎడమా ఒక జత, ముందు ఎడమా వెనక కుడీ ఇంకో జత, మధ్యలో చిన్న ఎగురు. కాంటర్ అంటే తకిట, కాసేపు గాలి, మళ్లీ తకిట. అందులో మొదటి "త" ఎవరిదో చూడండి. బయటి వెనక కాలిది. ఆ ఒక్క కాలే ఒంటరిగా దిగి, గుర్రం బరువునీ మీ బరువునీ ఎత్తుకోవాలి. తర్వాత లోపలి వెనక కాలూ బయటి ముందు కాలూ కలిసి దిగుతాయి, చివర్లో లోపలి ముందు కాలు. మనం లీడ్ అనేది ఆ చివరి కాలినే.

ఇప్పుడు ఉరుకుతున్న ట్రాట్‌ని ఊహించుకోండి. బరువంతా ముందుకు జారిపోయింది, వెనక కాళ్లు ఒంటి కిందికి రాకుండా వెనకాలే తోస్తున్నాయి. అక్కడి నుంచి ఒక్క వెనక కాలి మీద ఎలా లేస్తుంది? లేవలేదు. తట్టుకోలేక ఎప్పుడో పడుతుంది, పడ్డప్పుడు ఏ లీడ్ దొరికితే అది. ఎక్కువ కాలు వేస్తే ఎక్కువ వేగం వస్తుంది గానీ కాంటర్ రాదు. మీ గురువుగారి మాటకి ఎదురు చెప్పడం కాదు గానీ, ఈ గుర్రానికి ఈ దశలో అది పని చెయ్యదు.

ఇంకోటి, రేసు గుర్రం అన్నారు కదా. రేసులో పగ్గాలు పొట్టిగా బిగించి పట్టుకుంటారు, గుర్రం ఆ చేతి మీద ఆనుకుని పరిగెడుతుంది. పగ్గం బిగిసిందంటే దానికి "ఆగు" కాదు, "పద". మీరు భయపడి పగ్గం పట్టుకుంటారు, అది పద అనుకుంటుంది, మీరు ఇంకా పట్టుకుంటారు. కుట్టుమిషన్ అక్కడే తయారవుతుంది.

నేనైతే రెండు వారాలు కాంటర్ మాటే ఎత్తను. 20 మీటర్ల వలయంలో ట్రాట్ చేస్తూ, నాలుగు చోట్ల వాక్‌లోకి రండి. మూడు నాలుగు అడుగులు, అంతే, మళ్లీ ట్రాట్. వాక్‌లోకి పగ్గంతో లాగి తేకండి. పొట్ట బిగించి, ఊపిరి వదిలి, నిటారుగా బరువుగా కూర్చోండి. మొదట్లో పది అడుగులు పడుతుంది. ఓ వారానికి మీరు ఊపిరి వదలగానే అది చెవి మీవైపు తిప్పి "ఏంటి, ఆగాలా?" అన్నట్టు ఆలోచిస్తుంది. ఆ ఆలోచనే మనకి కావాల్సింది. వాక్‌కి రాబోతుందనగా ఆపకుండా మళ్లీ ట్రాట్‌లోకే పంపేశారా, దాన్నే హాఫ్ హాల్ట్ అంటారు. పెద్ద పేరే గానీ లోపల ఉన్నది ఇంతే.

ట్రాట్ ఉరుకుతుంటే పగ్గాల జోలికి పోకముందు దాని అడుగులకి తగ్గట్టు జీనులో మీరు లేచి కూర్చునే వేగం తగ్గించండి. దానికంటే కొంచెం ఆలస్యంగా కూర్చోండి. చాలా గుర్రాలు రౌతు లయలోకి వచ్చేస్తాయి, మీ మినుకూ వస్తుంది.

ఆ తర్వాత వలయాన్ని మెల్లగా 12, 13 మీటర్లకి కుదించండి. ఓ చుట్టు అయ్యాక లోపలి కాలితో తోస్తూ మళ్లీ 20 మీటర్లకి బయటికి పంపండి. మెడ వంచి పంపడం కాదు, ఒళ్లంతా పక్కకి జరగాలి, బయటి పగ్గం దాన్ని పట్టుకోవాలి. ఇలా చేసేటప్పుడు లోపలి వెనక కాలు ఒంటి కిందికి వచ్చి తీరుతుంది. బయటికి చేరి చేరగానే కాంటర్ అడగండి. అన్నిటికన్నా తేలిగ్గా దొరికే చోటు అదే.

ఎప్పుడు అడగాలో కూడా చెప్తాను, దీనికి నాకు రెండేళ్లు పట్టింది. ట్రాట్‌లో లేచి కూర్చునేటప్పుడు సరైన డయాగనల్ (సరైన కాళ్ల జత లయ) మీద ఉంటే బయటి భుజం వెనక్కి వచ్చేటప్పుడు మీరు జీనులో కూర్చుంటారు. ఆ క్షణంలో లోపలి వెనక కాలు నేల మీద ఉంటుంది, బయటి వెనక కాలు గాలిలో ముందుకు వస్తూంటుంది. అప్పుడు బయటి కాలు కొద్దిగా వెనక్కి జరిపి అడిగితే, అది దింపే తర్వాతి అడుగే తకిటలో మొదటి "త" అవుతుంది. లేచినప్పుడు అడిగితే ఆ కాలు నేలలో పాతుకుని ఉంటుంది, మీ మాట దానికి అందదు. లోపలి కాలు జీను పట్టీ దగ్గరే ఉండాలి, లోపలి తుంటి ఒక్క పిసరు ముందుకు. లోపలి పగ్గం కాస్త వదలండి, లేకపోతే లేవబోయే భుజాన్ని మీరే మూసేసినట్టు.

అడిగాక ఉరికిందా? వెంటపడకండి. ఇదొక్కటి పాటించినా చాలు. వాక్‌కి తెచ్చి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి. ఉరికి ఉరికి పడిన కాంటర్‌ని ఒప్పుకుంటే, కాంటర్‌కి దారి అదే అని మనమే నేర్పినట్టు. శుభ్రంగా లేచిందా, ఐదారు తకిటలు పోనిచ్చి, అది విరగక ముందే మీరే ట్రాట్‌కి తెచ్చి మెడ నిమరండి.

అడ్డకర్ర:

పాతరికాబు గారు చెప్పినదానితో ముప్పావు వంతు ఒప్పుకుంటాను. నాకైతే రేసు నుంచి వచ్చిన గుర్రాలకి వాక్ నుంచి నేరుగా కాంటర్ అడగడమే బాగా పనిచేసింది. ఉరకడానికి ట్రాట్ అనేదే లేకపోతే ఎక్కడ ఉరుకుతుంది? ఇంకోటి, వలయం మీద ఒక కర్ర నేల మీద పెట్టి, ట్రాట్‌లో దాని మీదికి వెళ్లేటప్పుడు కాంటర్ అడగండి. కర్ర దాటడానికి అది ఎలాగూ ముందుభాగం ఎత్తుతుంది, ఆ ఎత్తడాన్ని మనం వాడుకోవచ్చు.

పాతరికాబు:

కర్ర సంగతి నిజమే, నేనూ వాడతాను. వాక్ నుంచి అడగడం మాత్రం నడుంలో సత్తువ వచ్చాకే. ఇంకా బలం లేని గుర్రాన్ని అలా అడిగితే తల విసిరి ఎగురుతుంది, రెండు రోజులకి అదొక కొత్త అలవాటు. మీకు కుదిరిన గుర్రాలు బలంగా ఉండుంటాయి.

అడ్డకర్ర:

ఉండొచ్చు. రెండోది మాత్రం ఒక వారం ఎగిరింది, ఒప్పుకుంటున్నా.

ఎర్రజూలు:

మూడు వారాలైంది, ఏమైందో చెప్పకపోతే బాగోదు. మొదటి వారం వాక్, ట్రాట్, వాక్ మాత్రమే. నాకే విసుగొచ్చింది గానీ మినుక్కి రాలేదు. ఆరో రోజు అనుకుంటా, నేను ఊపిరి వదలగానే లోపలి చెవి నిజంగానే నావైపు తిరిగింది. జీను మీదే నవ్వొచ్చింది. మూడో వారంలో కుడివైపు వలయం కుదించి పెంచి అడిగితే, ఉరకలేదు! నా కింద వీపు పైకి లేచినట్టు అనిపించింది, తర్వాత తకిట. ఏడు లెక్కపెట్టి ట్రాట్‌కి తెచ్చాను. 14 నెలల్లో ఇలాంటిది ఇదే మొదటిసారి.

ఎడమవైపు మాత్రం ఇంకా ఐదింట్లో మూడు తప్పే. డాక్టర్ వచ్చి కాళ్లు వంచి, నడిపించి చూశారు, ఏమీ లేదన్నారు. లంజింగ్‌లో (పొడవాటి తాడుతో వలయంలో తిప్పడంలో) వీపు మీద నేను లేకుండా పంపితే ఎడమ లీడ్ చక్కగా వస్తోంది. అంటే గుర్రంలో కాదు, నాలోనే ఉందన్నమాట.

మూడోడెక్క:

లంజింగ్‌లో బాగుందంటే మంచి కబురు. కాంటర్‌లో రెండు వెనక కాళ్లూ కుందేలులా కలిపి దూకడం, ముందు ఒక లీడ్ వెనక ఇంకో లీడ్ రావడం లాంటివి లేవు కదా?

ఎర్రజూలు:

లేవండీ. వెనక నుంచి కూడా వీడియో తీసి చూశాను.

పాతరికాబు:

అయితే రికాబు పట్టీలు విప్పి పక్కపక్కన వేలాడదీసి చూడండి. ఎప్పుడూ ఎడమవైపు నుంచే ఎక్కుతాం కదా, ఆ తోలు సాగుతుంది. రంధ్రాలు లెక్కకి సమానంగానే ఉంటాయి, పొడవులో తేడా వచ్చేస్తుంది. నా జీనుకి ఒకసారి వేలెడు తేడా వచ్చింది, నేను ఆర్నెల్లు వంకరగా కూర్చుని నడుం నొప్పికి మందు రాసుకున్నాను.

ఎర్రజూలు:

ఇప్పుడే కొలిచి వస్తున్నా. ఎడమది ఒకటిన్నర సెంటీమీటర్ పొడవుంది! ఆ రికాబు అందుకోవడానికి ఎడమవైపు తిరిగినప్పుడల్లా నడుం విరిచి కూర్చుంటున్నానేమో. ప్రస్తుతానికి పొడుగుదానికి మధ్యలో ఇంకో రంధ్రం వేయించి సమానం చేస్తాను. రేపు పొద్దున్న ఎక్కి చెప్తాను.

పాతరికాబు:

వేయించండి. ఇకమీదట నెలకోసారి ఎడమదాన్ని కుడికీ కుడిదాన్ని ఎడమకీ మార్చండి, వీలైతే ఎక్కడానికి బల్ల వాడండి, దాని వీపుకీ మంచిది. రేపు ఎడమవైపు అడిగేటప్పుడు లీడ్ కోసం కిందికి చూడొద్దు. మొదటి "త" మీ కుడి పిరుదు కింద తెలియాలి. తెలియకపోతే వాక్‌కి తెచ్చేయండి.