టీవీ తగ్గించుకున్నవాళ్లు ఉన్నారా? ఎలా కుదిరింది?

నిద్రలేని_పిట్ట:
ఆఫీసు నుంచి రాగానే, చెప్పులు విప్పకముందే రిమోట్ చేతిలోకి వచ్చేస్తోంది. చూసేదేమైనా ఉందా అంటే లేదు. కాసేపు వార్తలు, ఓ పాత సినిమా సగం, మళ్లీ వార్తలు. నిన్న లెక్క వేశాను. రోజుకు 3 గంటల చొప్పున ఏడాదికి 1095 గంటలు. రాత్రీ పగలూ కలిపితే 45 రోజుల పైమాటే! తిక్క రేగి కనెక్షన్ తీయించేద్దామంటే ఇంట్లో ఒప్పుకోవట్లేదు. మీలో ఎవరైనా మానేశారా? పోనీ తగ్గించారా?

మూడో_మెట్టు:
మేం అటకెక్కించాం. మాటవరసకి కాదు, నిజంగానే అటక మీద పెట్టాం. 11 రోజులు ఉంది. 12వ రోజు మ్యాచ్ ఉందని దించేశాం, అది వేరే సంగతి. మొదటి మూడు రోజులూ మా నాన్న అలవాటుకొద్దీ అటువైపే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గోడకి స్టాండు బిగించిన నాలుగు కన్నాలు తప్ప అక్కడేం లేదు. ఫ్యాను కిర్రుమంటోందని మాకు తెలిసిందే అప్పుడు. ఎన్నేళ్లుగా అంటోందో ఏమో!
ఇప్పుడు టీవీ మళ్లీ గోడ మీదే ఉంది, కానీ చూడటం అయ్యాక ప్లగ్ పీకేస్తాం. మళ్లీ చూడాలంటే సోఫా జరిపి వెనక చెయ్యి పెట్టాలి. మా పట్టుదల ఎన్నడూ పనిచెయ్యలేదు గానీ మా బద్ధకం మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

చిల్లరమాటలు:
నేను పూర్తిగా మానేశా. మానేసి ఫోన్ పట్టుకున్నా. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

గళ్లపుస్తకం:
కేబుల్ కంటే ఓటీటీ ప్రమాదం. కేబుల్లో సీరియల్ అయిపోతే రేపటిదాకా ఆగాల్సిందే. ఇక్కడ మనం లేచేలోపే తర్వాతి ఎపిసోడ్ మొదలైపోతుంది. చాలా యాప్‌లలో ఆటోప్లే ఆపే సెట్టింగ్ ఉంటుంది, ముందు అది ఆపండి.
ఇంకో చిట్కా. ఎపిసోడ్ చివర ఎప్పుడూ ఆపొద్దు, మధ్యలో ఆపండి. చివర్లో ఓ ముడి వేసి వదులుతారు, తర్వాతి దాంట్లో మొదటి పది నిమిషాల్లోనే విప్పేస్తారు. ఆ విప్పిన చోట కట్టేస్తే హాయిగా నిద్రపడుతుంది. నేను ఆర్నెల్లుగా ఇలాగే చూస్తున్నా. మా ఆయన మాత్రం పిచ్చిపనంటారు.

బుల్లిచెప్పులు:
పిల్లలున్న ఇంట్లో ఇంకో గొడవ. ఏడాది లోపు పిల్లలకు అసలు తెరే వద్దని, 2 నుంచి 4 ఏళ్లవాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా పాపకి రెండున్నర. తనకి కార్టూన్లు పెట్టనుగా అనే ధీమాతో, పక్కన నా వార్తలు మోగుతూనే ఉండేవి. ఓ రోజు గమనించా. చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. బ్రేకింగ్ న్యూస్ మోత రాగానే తల తిప్పింది. మళ్లీ ఇటు తిరిగేసరికి చేతిలో ముక్క ఎందుకుందో దానికే గుర్తులేదు. కింద పడేసి ఇంకో బొమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. అరగంటలో నాలుగుసార్లు ఇదే వరస. ఆ రోజు నుంచి తను పడుకున్నాకే వార్తలు.

వానచినుకు:
అందరికీ మాన్పించాలని చూడకండి. ఒంటరిగా ఉండే మా అమ్మకి చెప్పబోయి చీవాట్లు తిన్నా. "అది మాట్లాడుతుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది. నువ్వు రోజూ ఫోన్ చెయ్యి, కట్టేస్తా" అంది. సరే కదా అని రోజూ రాత్రి ఎనిమిదింటికి చేస్తున్నా. "యాడ్స్ వచ్చాక నేనే చేస్తా, పెట్టెయ్" అంటోంది.

నిద్రలేని_పిట్ట:
రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చా. ప్లగ్ దాకా ఎందుకులే అని రిమోట్ బ్యాటరీలు తీసి దాచేశా. ఇంట్లోవాళ్లు గోడ గడియారాల్లోవి పీకి రిమోట్‌లో వేసుకున్నారు. ఇప్పుడు టైమెంతయిందో ఎవరికీ తెలీదు, టీవీ మాత్రం నడుస్తోంది.

మూడో_మెట్టు:
సోఫా జరపండి సార్.