పసికందుకు గెలాక్టోసీమియా: తల్లిపాలు ఎందుకు పడవు?

ప్రశ్న: మా అక్క బిడ్డకు పుట్టిన వారంలోనే కామెర్లు ముదిరి, పాలు పట్టినప్పుడల్లా వాంతులవుతుంటే, పరీక్షించి గెలాక్టోసీమియా అన్నారు. ఇరువైపులా ఎవరికీ లేని జబ్బు ఎలా వచ్చింది?

జవాబు: పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పేగుల్లో గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా విడిపోతుంది. గెలాక్టోజ్‌ను వాడుకోవడానికి కావలసిన ఎంజైమ్ ఈ బిడ్డల్లో దాదాపు ఉండదు కనుక, దాని నుంచి తయారయ్యే గెలాక్టోజ్-1-ఫాస్ఫేట్ అనే పదార్థం పేరుకుపోయి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కళ్లలో శుక్లాలూ రావచ్చు. అన్నిటికంటే భయపడవలసింది ఈ.కోలై సెప్సిస్‌కు, అంటే ఈ.కోలై అనే బ్యాక్టీరియా రక్తంలో చేరి ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్‌కు. అందుకే అనుమానం రాగానే, తుది నిర్ధారణ కోసం ఆగకుండా, వైద్యులు తల్లిపాలు మాన్పించి లాక్టోజ్ లేని సోయా ఫార్ములా (సోయాతో చేసిన పసిపిల్లల డబ్బాపాలు) మొదలుపెడతారు.

మరో జవాబు: తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉంటూనే లోపమున్న జన్యువును చెరొకటి మోస్తుంటారు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇందులో మీ అక్క తప్పు ఏమాత్రం లేదని ఇంట్లో అందరికీ చెప్పండి.

మూడో జవాబు: పాలు, పాల పదార్థాలు మానే ఈ పథ్యం జీవితాంతం ఉంటుంది. కొన్ని మాత్రల్లోనూ లాక్టోజ్ కలుపుతారు కనుక, ఏ మందు రాసినా ముందుగా అడగండి.