మైక్రోబయాలజీ డిగ్రీ తరువాత ఎం.ఎస్సీ.కి వెళ్లాలా, ఉద్యోగంలో చేరాలా?

ప్రశ్న (విద్యార్థిని, రాజాం పరిసర గ్రామం)

అందరికీ నమస్కారం. నేను మైక్రోబయాలజీతో బి.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారికి రెండెకరాల వరి పొలం ఉంది. తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. "ఇంకో రెండేళ్లు చదివితే ఏ పని దొరుకుతుందో కనుక్కో, ఫీజు సంగతి నేను చూసుకుంటాను" అని నాన్నగారు అన్నారు. బంధువులు మాత్రం బి.ఎడ్. చేసేయమంటున్నారు. నాకు ఈ సబ్జెక్టు అంటే చాలా ఇష్టం. అయితే మా కళాశాలలో నలభై మందికి రెండు మైక్రోస్కోపులే ఉన్నందువల్ల, మూడేళ్లలో నా చేత్తో మీడియా (సూక్ష్మజీవులు పెరిగే ఆహారం) కలిపి ప్లేట్లు పోసింది రెండుసార్లు మాత్రమే. ఈ స్థితిలో మందుల కంపెనీల్లో నన్ను తీసుకుంటారా? ఆసుపత్రి ల్యాబుల్లో అవకాశం ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం (మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) విభాగం, పైడిభీమవరం)

చెల్లెమ్మా, మీరు ప్లేట్ల గురించి రాసిన మాట చదివాక నా మొదటి ఇంటర్వ్యూ గుర్తొచ్చి ఇది రాస్తున్నాను. అక్కడ నా మార్కుల జాబితాను పక్కన పెట్టి, చేతికి లూపు (సూక్ష్మజీవులను తీసి పూసే తీగ), అగార్ మీడియా పోసిన ప్లేటు ఇచ్చి, కాలనీలు (సూక్ష్మజీవుల గుంపులు) విడివిడిగా వచ్చేలా స్ట్రీక్ చేయమన్నారు, అంటే గీతలుగా పూయమన్నారు. ఒక భాగం నుంచి మరో భాగానికి వెళ్లేటప్పుడు లూపును మంటలో కాల్చడం మరిచిపోయాను. చూస్తున్న పెద్దాయన అక్కడే ఆపించారు, ఉద్యోగం రాలేదు. ఆ తరువాత ఎం.ఎస్సీ.లో ఆరు నెలల ప్రాజెక్టు చేస్తూ రోజూ అదే పని చేసిన మీదటే నాకు చెయ్యి కుదిరింది.

మా విభాగంలో పని ఎలా ఉంటుందో చెబితే మీకే అర్థమవుతుంది. ప్లాంటులో వాడే శుద్ధజలాన్ని పలు చోట్ల నుంచి పట్టి తెచ్చి, అందులో సూక్ష్మజీవుల సంఖ్య మిల్లీలీటరుకు 100 సీఎఫ్‌యూ (ప్లేటుపై కాలనీలుగా పెరిగేవాటి లెక్క) దాటలేదని చూపాలి. శుభ్రమైన గదుల్లో సెటిల్ ప్లేట్లను (గాలిలోని సూక్ష్మజీవులు వచ్చి పడేందుకు పెట్టేవి) నాలుగు గంటలకు మించకుండా తెరిచి ఉంచి, ఇంక్యుబేట్ చేసి (తగిన వేడిలో పెంచి) లెక్కపెట్టాలి. ఇంజెక్షన్ మందులైతే స్టెరిలిటీ (సూక్ష్మజీవులు లేవని చూపే) పరీక్షకు రెండు రకాల మీడియాలో 14 రోజులు పెంచి చూస్తాము: థయోగ్లైకొలేట్ 30 నుంచి 35 డిగ్రీల వద్ద, సోయాబీన్ కేసీన్ మీడియా 20 నుంచి 25 డిగ్రీల వద్ద. పద్నాలుగో రోజున గొట్టాన్ని వెలుగులో పట్టుకుని మసక (సూక్ష్మజీవులు పెరిగిన గుర్తు) ఉందా లేదా అని చూసే ఆ క్షణం మీదనే మొత్తం బ్యాచ్ ఆధారపడి ఉంటుంది. ఎంత బాగా చేసినా, చూసిన సంఖ్యను చూసిన సమయంలోనే నమోదు చేయకపోతే ఆ పని చేయనట్టే లెక్క. షిఫ్టులు ఉంటాయి, చేరేముందు రాత్రి షిఫ్టు, రవాణా గురించి స్పష్టంగా అడగండి.

బి.ఎస్సీ.తోనూ ట్రైనీగా తీసుకుంటారు, కానీ ముందుకు వెళ్లే కొద్దీ ఎం.ఎస్సీ. ఉన్నవారికే దారి సులువు. నా మాటగా ఒక్కటి వినండి: ఏ విశ్వవిద్యాలయమైనా, విద్యార్థులు ఆటోక్లేవ్‌ను (ఆవిరితో క్రిమిరహితం చేసే యంత్రాన్ని) తామే నడుపుతున్నారా, ప్రాజెక్టు నిజంగా ల్యాబులో జరుగుతుందా అని సీనియర్లను అడిగి, వెళ్లి కళ్లతో చూసి, తరువాతే చేరండి.

సమాధానం (అధ్యాపకురాలు, విజయనగరం)

ఆంధ్ర విశ్వవిద్యాలయంతో సహా రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎస్సీ. సీటుకు ఏపీ పీజీసెట్ రాయాలి. పుదుచ్చేరి వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష ఉంది, రెండూ రాయండమ్మా. పరిశోధన మీద మనసుంటే ఎం.ఎస్సీ. చదువుతూనే సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షకు సిద్ధం కావాలి. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది కనుక, పీహెచ్.డి. ఖర్చు నాన్నగారి మీద పడదు. ఆసుపత్రి విషయంలో మాత్రం ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. మైక్రోబయాలజీలో ఎం.డి. సీటు ఎం.బి.బి.ఎస్. చేసినవారికే ఇస్తారు. మీరు వైద్య కళాశాలల్లో ఉండే ఎం.ఎస్సీ. మెడికల్ మైక్రోబయాలజీని చూడాలి. బి.ఎడ్. మంచి చదువే, కానీ బోధన మీద ఇష్టం ఉన్నవారు చేయవలసినది, వేరే దారి తోచక చేసేది కాదు.

సమాధానం (రొయ్యల ల్యాబు, పూసపాటిరేగ)

మన తీరాన్ని మరువకండి. భోగాపురం, పూసపాటిరేగ వైపు రొయ్యల హేచరీలు ఉన్నాయి. నీటి నమూనాను టీసీబీఎస్ (విబ్రియో బ్యాక్టీరియాను పెంచి చూసే మీడియా) ప్లేటుపై పరిచి, మర్నాడు పసుపు కాలనీలు ఎన్ని, ఆకుపచ్చవి ఎన్ని అని లెక్కపెట్టి విబ్రియో సంగతి రైతుకు చెప్పడం మా రోజువారీ పని. తెల్లమచ్చ వైరస్‌కు, ఈహెచ్‌పీకి (రొయ్యలకు పట్టే ఒక పరాన్నజీవి) పీసీఆర్ (జన్యు పరీక్ష) చేస్తాము. జీతం మొదట్లో తక్కువే అయినా, సీజన్‌లో రోజుకు లెక్కలేనన్ని ప్లేట్లు మీ చేతుల మీదుగా వెళతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పరీక్షలకూ పీజీసెట్‌కూ మధ్య దొరికే సెలవుల్లో పూసపాటిరేగ ల్యాబులో జీతం లేకుండానైనా నేర్చుకోవడానికి రావచ్చా అండీ?

సమాధానం (రొయ్యల ల్యాబు, పూసపాటిరేగ)

తప్పకుండా రండమ్మా, మొదటిసారి నాన్నగారిని కూడా తీసుకురండి. నమూనాలు ఉదయం ఏడింటికే వస్తాయి కాబట్టి ఆ వేళకు ఉంటే మీడియా కలపడం నుంచి మొదలుపెడదాము.