గేదెల మేతను కంప్యూటర్ లెక్కకు వదిలేయవచ్చా?

కృష్ణాతీరం:
చెవిపోగుపై ఉన్న 12 అంకెల నంబరుతో ఒక్కొక్క పశువు వివరాలు కంప్యూటర్‌లో నమోదు చేసి, తక్కువ ఖర్చులో సమతుల దాణా లెక్కగట్టే పద్ధతిని ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి రూపొందించింది. మా ఆరు గేదెలకు ఆ లెక్కను నమ్మవచ్చా?

పాతపాక:
నమ్మవద్దు. వివరాల నమోదుకు వచ్చినవారు మా చూడిగేదె ఛాతీకి టేపు చుట్టి బరువు ఇంత అని రాసుకున్నారు. టేపుతో చెప్పింది బరువెలా అవుతుంది? వారిచ్చిన కాగితం ప్రకారం మరునాడే తవుడు తగ్గించి పత్తిగింజల చెక్క పెంచితే, మూడు రోజులు గేదె సరిగా నెమరు వేయలేదు, వెన్న శాతం 7 నుంచి 6కు పడింది, పదిరోజుల బిల్లులో కోత పడింది.

విశ్రాంత పశువైద్యుడు:
బరువు ఇరవై కిలోలు అటూఇటూ అయినా మేతలో వచ్చే తేడా స్వల్పమే. కడుపులోని సూక్ష్మజీవులు కొత్త దాణాకు అలవాటుపడాలంటే వారం పదిరోజులు కావాలి కనుక, మరునాడే మార్చడం వల్లనే ఆ ఇబ్బంది వచ్చి ఉంటుంది. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. వరిగడ్డిలోని ఆగ్జలేట్లు అనే పదార్థాలు, ఉన్న కాస్త కాల్షియాన్నీ పూర్తిగా అందనివ్వవు. కడుపు నిండినట్లు కనిపించే గేదెలో ఈ లోటును కంటితో పట్టలేం.

పచ్చిమేత:
రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం మొదలుపెట్టాక మా గేదె ఎదకు వచ్చింది.

పాతపాక:
ముప్పై ఏళ్లుగా గేదెల మధ్యనే బతుకుతున్న నన్ను పట్టుకొని కంటితో పట్టలేరనడం అవమానం. టేపు సంగతికి మీరింకా జవాబు చెప్పలేదు.

పాడి ఇల్లాలు:
మేత వేసేదీ పాలు పితికేదీ నేనైతే, మా ఇంటికి వచ్చినవారు దిగుబడి మా ఆయనను అడిగి రాసుకున్నారు. దూడ తాగే పాలు ఆయన కలపలేదు. టేపు సరిగ్గానే ఉన్నా ఆ లెక్క తప్పే కదా అండీ?

విశ్రాంత పశువైద్యుడు:
తప్పేనమ్మా. బరువు కంటే పాల దిగుబడి తప్పుగా రాసినప్పుడే దాణా ఎక్కువగా తప్పుతుంది.

పాతపాక:
అయ్యా, నా కడుపుమంట అదే. లెక్క ఎక్కడ తప్పినా కోత నా బిల్లులోనే పడుతుంది. కాగితం ఇచ్చినవారు గేదె తిన్నదా లేదా అని చూడడానికి మళ్లీ గడప తొక్కలేదు, నెమ్మదిగా మార్చమని ఆ రోజు ఒక్క మాట చెప్పనూ లేదు.

విశ్రాంత పశువైద్యుడు:
చెప్పకపోవడం, తిరిగి రాకపోవడం రెండూ తప్పే. ఆ నష్టాన్ని మీ అనుభవలోపంగా నేను చూడడం లేదు.

కృష్ణాతీరం:
అయితే ముందు రెండు గేదెలకే మొదలుపెడతాను. పాలు దూడ వాటాతో సహా మా ఆవిడ చేతనే చెప్పిస్తాను.

పాతపాక:
మంచిది. బరువు మాత్రం కాటా మీద తూయించండి.