చలికాలపు రోడ్డు మరమ్మతుల ప్రణాళిక: చిన్న మున్సిపాలిటీకి ఏ ఆన్‌లైన్ సాధనాలు పనికొస్తాయి?

బుగ్గవంక (కడప జిల్లా) ప్రశ్న:

నేను కడప జిల్లాలోని ఒక చిన్న మున్సిపాలిటీలో వార్డు సౌకర్యాల కార్యదర్శిగా పనిచేస్తున్నాను. డిసెంబరుతో ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుముఖం పట్టాక, ఎండలు ముదరకముందు దొరికే రెండు మూడు నెలలే మాకు రోడ్డు పనులకు అనువైన కాలం. మార్చి 31లోగా బిల్లులు పెట్టాలంటే అంచనాలు, సాంకేతిక మంజూరు, టెండర్లు అంతకు చాలా ముందే పూర్తి కావాలి. ప్రస్తుతం సోమవారం గ్రీవెన్సులో వచ్చిన అర్జీలను, వార్డు పెద్దలు చెప్పిన వీధులను ఎక్సెల్ పట్టికలో రాసుకొని, డబ్బు ఉన్నంతవరకు పైనుంచి కిందికి చేసుకుంటూ పోతున్నాము. గట్టిగా అడగగలిగిన వీధికి ముందు తారు పడుతోంది. అడిగే దిక్కు లేని కాలనీ ఏటా ఆఖరున మిగిలిపోతోంది. ఇది నాకు చాలా బాధగా ఉంది.

మంచు కురిసే దేశాల్లో చిన్న పట్టణాలు సైతం చలికాలపు రోడ్ల నిర్వహణను ఆన్‌లైన్ మ్యాపులతో ముందుగానే ప్రణాళిక వేసుకుంటాయని చదివాను. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత మాకు లేదు. ఉచితంగా దొరికే సాధనాలతో, ఏ వీధిని ముందు చేయాలో నిష్పక్షపాతంగా తేల్చుకునే మార్గం ఉంటే అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

పినాకిని (అనంతపురం) సమాధానం:

నేను పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగంలో ఉన్నాను. మీ అవసరానికి మూడు సాధనాలు చాలు. క్షేత్రస్థాయి వివరాల సేకరణకు కోబో టూల్‌బాక్స్, మ్యాపు మీద పెట్టి చూడడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, వీధుల ఆధార పటానికి ఓపెన్ స్ట్రీట్ మ్యాప్. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో కొత్త కాలనీల వీధులు చాలావరకు ఉండవు కాబట్టి, ఇస్రో వారి భువన్‌లోని ఉపగ్రహ చిత్రాలతో సరిచూసుకొని, లేని వీధులను మొదట మీరే గీసుకోవాలి. కోబో ఫారం సిగ్నల్ లేని చోట కూడా ఫోనులో పనిచేస్తుంది, నెట్ అందగానే వివరాలు పైకి వెళ్తాయి.

ఫారంలో వీధి పేరును టైపు చేయనివ్వకండి. ఒకరు ‘ఎన్జీవో కాలనీ’ అని, ఇంకొకరు ‘ఎన్.జి.ఓ.స్ కాలనీ’ అని రాస్తే పట్టికలో అవి రెండు వేర్వేరు వీధులై కూర్చుంటాయి, ఆ తరువాత లెక్క ఎక్కడా కుదరదు. కూడలి నుంచి కూడలి వరకు ఒక్కొక్క ముక్కకు ఒక సంఖ్య ఇచ్చి, జాబితాలోంచి ఎంచుకునేలా మాత్రమే పెట్టండి. పీఎంజీఎస్‌వై (కేంద్ర గ్రామీణ రోడ్ల పథకం) రోడ్ల నిర్వహణకు వాడే ఈ-మార్గ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో స్థలం గుర్తుతో కూడిన ఫోటోలు, తనిఖీలో వచ్చిన మార్కులు చూశాకే బిల్లు కదులుతుంది. మీకు ఆ వ్యవస్థ వర్తించదు గానీ, ఆ క్రమశిక్షణను మాత్రం తప్పక తెచ్చుకోవచ్చు.

హంద్రీతీరం (కర్నూలు) సమాధానం:

రోడ్లు భవనాల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. పినాకిని గారు చెప్పినదంతా సరైనదే. కానీ ఏ సాధనం వాడినా సర్వే ఎప్పుడు చేస్తారన్నదే అసలు విషయం. జనవరిలో ఫోనుతో వెళ్తే మీకు గుంత కనిపిస్తుంది, దానికి కారణమైన నీరు కనిపించదు. అక్టోబరు, నవంబరు వానల్లో, వాన వెలిసిన గంట రెండు గంటలలోపు తిరగాలి. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజులను చూసినవారికి మన ప్రాంతంలో నవంబరు వాన ఏం చేయగలదో వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల అక్టోబరులోనే జాబితా మూసేయడం పొరపాటు.

మీ ఊళ్లలో డ్రెయిన్ల మీద కడప బండలు పరుస్తారు కదా. ఎవరో కుళాయి కనెక్షన్ కోసం బండ లేపి, తిరిగి ఎత్తుగా పెట్టి, అంచున సిమెంటు మెత్తుతారు. ఇక వీధి నీరు డ్రెయిన్‌లోకి దిగదు, బండ పక్కనే తారు అంచు మీద నిలుస్తుంది. అది నల్లరేగడి నేల అయితే కింద ఉబ్బి, ఎండాక కుంగి, తారు వలలా పగులుతుంది. ఆ గుంతలో ఎన్నిసార్లు ప్యాచ్ వేసినా మరుసటి వానకు లేచిపోతుంది. అక్కడ చేయవలసిన పని బండ దించడం; దానికి తారుతో పని లేదు, కూలి ఖర్చు తప్ప పెద్ద వ్యయమూ కాదు. కాబట్టి మీ ఫారంలో గుంత పొడవు, వెడల్పు, లోతులతో పాటు ‘నీరు ఎటు పోవాలి, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది’ అన్న మూడు గడులు తప్పనిసరిగా పెట్టండి. కారణం రాయని గుంతకు అంచనా వేయకండి.

ఉపగ్రహం ఇచ్చే ఎత్తుల సమాచారంతో డ్రెయిన్ వాలు నిర్ణయించవచ్చని కొందరు యువ ఇంజినీర్లు అనుకుంటున్నారు. ఉచితంగా దొరికేది 30 మీటర్ల గడుల సమాచారం, నిలువు కొలతలో కొన్ని మీటర్ల తేడా సైతం ఉండవచ్చు. వీధి డ్రెయిన్ వాలును అంగుళాల్లో లెక్కపెట్టుకుంటాము. వాగు పరీవాహకం చూసుకోవడానికి ఆ సమాచారం మంచిదే, వీధికి మాత్రం ఎత్తుల తేడా కొలిచే ఆటో లెవెల్ పరికరమో, కనీసం మేస్త్రీల లెవెల్ ట్యూబో వాడక తప్పదు.

ఇంకొక మాట. వీజీ-30 రకం తారుతో చేసే హాట్ మిక్స్ (వేడి తారు, కంకర మిశ్రమం) పరిచేటప్పటికి 140 డిగ్రీలకు తగ్గకూడదు, రోలింగ్ 90 డిగ్రీలకు దిగకముందే ముగియాలి. చలికాలపు ఉదయాల్లో పలుచని పొర త్వరగా చల్లారుతుంది. ప్లాంటు నుంచి దూరంగా ఉన్న వీధులను మధ్యాహ్నానికి, దగ్గరి వీధులను ఉదయానికి పెట్టుకొని, ఒకే దిక్కున ఉన్న పనులన్నీ ఒక రోజున చేసేలా మ్యాపు మీద గుంపులు కట్టండి. ఆన్‌లైన్ మ్యాపుకు నిజమైన ఉపయోగం ఇక్కడే ఉంది.

ఆదోనివాసి (ప్రస్తుతం ఉత్తర అమెరికా) సమాధానం:

మంచు దేశాల సంగతి అడిగారు కనుక రాస్తున్నాను. నేను ఇక్కడ ఒక చిన్న నగరపు పబ్లిక్ వర్క్స్ విభాగంలో ఉన్నాను. ఇక్కడ రోడ్డు ఉపరితలం దాదాపు మైనస్ 9 డిగ్రీలకంటే కిందికి పోతే మంచు కరగడానికి చల్లే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు, అందుకని గాలి ఉష్ణోగ్రతకంటే రోడ్డు ఉష్ణోగ్రతనే చూస్తాము. 23.3 శాతం ఉప్పునీటిని మంచు పడకముందే చల్లుతాము. ఇవేవీ రాయలసీమకు అక్కరకు రావు.

అక్కరకు వచ్చేది వరుస నిర్ణయం. మంచు పడకముందే, ఎవరూ ఫోను చేయకముందే, రోడ్లను తరగతులుగా విభజించి ప్రజలకు చూపిస్తారు. ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం, బస్సు తిరిగే దారులు మొదటి తరగతి; బడులకు, మార్కెట్లకు కలిపే వీధులు రెండవది; ఇళ్ల మధ్య వీధులు మూడవది. ఆ తరువాత ఎంత పెద్దవారు ఫోను చేసినా వరుస మారదు, ఎందుకంటే మ్యాపు అందరి ముందూ ఉంది. మీరు కూడా నియమాన్ని వానలకు ముందే కౌన్సిల్‌లో ఆమోదింపజేసుకోండి. మూడవ తరగతి వీధులు ఎప్పటికీ వెనకబడకుండా, వరుసగా రెండేళ్లు పని జరగని వీధి ఒక తరగతి పైకి రావాలనే నిబంధన కూడా చేర్చండి. మీరు బాధపడుతున్న కాలనీకి న్యాయం జరిగేది దానివల్లనే.

బుగ్గవంక (కడప జిల్లా):

అందరికీ కృతజ్ఞతలు. వానలో సర్వే చేయాలన్న సూచనను, రెండేళ్ల నిబంధనను మా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి ముందు పెడతాను. ఒక సందేహం మిగిలింది. తారు వేసిన కొన్ని వారాలకే తాగునీటి పైపుల కోసం తవ్వితే ఈ ప్రణాళికంతా వృథా అవుతుంది కదా?

పినాకిని (అనంతపురం):

అవును. పైపులు, భూగర్భ కేబుళ్లు వేసే విభాగాల నుంచి ఆ ఏడాది పనుల జాబితాను అంచనాలకు ముందే లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆ గీతలను క్యూజీఐఎస్‌లో వేరే పొరగా వేసి, మీ వీధి ముక్కలతో కలిసిన చోటల్లా తారు పనిని తవ్వకం తరువాతి తేదీకి జరపండి. జాబితా ఇవ్వని విభాగం ఉంటే ఆ విషయాన్ని ఫైలులో నోట్ చేసి కమిషనర్ గారి సంతకం తీసుకోండి.