గినీ పిగ్ గడ్డి నోట్లో పెట్టుకుని వదిలేస్తోంది, ముందు పళ్లు కత్తిరించవచ్చా?

ప్రశ్న:
మూడేళ్ల మగ గినీ పిగ్. ఎప్పుడూ 980 గ్రాముల దగ్గర ఉండేది, ఇప్పుడు కాటా 885 చూపిస్తోంది. గడ్డి వేయగానే పరుగెత్తుకొస్తుంది, పరక నోట్లో పెట్టుకుని రెండు సార్లు నమిలి వదిలేస్తుంది. క్యారెట్ ముక్కయితే కాసేపు తిప్పి కింద పడేస్తుంది. దోసకాయ గుజ్జు మాత్రం తింటోంది. గడ్డం కింద బొచ్చు తడిగా ఉంటోంది, పెంటికలు చిన్నవయ్యాయి. పెదవి ఎత్తి చూస్తే ముందు పళ్లు పొడుగ్గా ఉన్నాయి, కింది రెండూ ఒక పక్కకు ఏటవాలుగా అరిగాయి. గోళ్ల కత్తెరతో కొసలు తీసేస్తే చాలని ఒకరన్నారు. చేయొచ్చా? డాక్టర్‌కి చూపించే లోపు ఏం పెట్టాలి?

జవాబు 1:
కత్తెర జోలికి పోకండి. జబ్బు ఉన్నది వెనక, మీకు కనిపిస్తున్నది ముందు. గినీ పిగ్‌కి 20 పళ్లు. ముందు నాలుగు, లోపల పదహారు. అన్నీ బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. దవడ పళ్లు నొప్పెడితే సరిగ్గా నమలదు, నమలకపోతే ముందువీ అరగవు. కింది పళ్లు ఏటవాలుగా అరిగాయంటే చాలా వరకు ఒక పక్కే నములుతోందని అర్థం.

లోపల సాధారణంగా జరిగేది ఇది: కింది దవడ పళ్లు నాలుక వైపుకి, పై పళ్లు బుగ్గ వైపుకి పెరుగుతాయి. కింద రెండు వైపులవీ పెరిగి నాలుక మీద వంతెనలా కలుసుకుంటే నాలుక దాని కింద ఇరుక్కుంటుంది. ముద్దను వెనక్కి తోయాల్సింది నాలుకే కాబట్టి ఆకలి ఉన్నా మింగలేదు. పై పళ్ల కొనలేమో బుగ్గ లోపల గీరి పుండు చేస్తాయి. మీరు చెప్పిన చొంగ, వదిలేసిన పరకలు ఈ లెక్కకే సరిపోతున్నాయి.

కత్తెరతో నొక్కితే పన్ను నిలువునా చీలుతుంది. చీలిక చిగురు కిందికి దిగితే అక్కడ చీము పట్టే ప్రమాదం ఉంది. తగ్గించాల్సి వస్తే డాక్టరే తిరిగే బర్‌తో (పళ్లు అరగదీసే చిన్న పరికరం) అరగదీస్తారు. ఇంకోటి, కింది ముందు పళ్లు పైవాటి కంటే పొడుగ్గా ఉండడం సహజం. అది తెలియక బాగున్న పళ్లనే తీయించేవాళ్లున్నారు.

జవాబు 2:
95 గ్రాములంటే దాదాపు పదో వంతు. ‘వారం చూద్దాం’ అనే పరిస్థితి కాదిది. తిండి తగ్గితే పేగుల కదలిక ఆగిపోతుంది, పళ్ల కంటే ముందు అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఈరోజే సిరంజితో పెట్టడం మొదలుపెట్టండి.

గడ్డి తినే జంతువులకు అమ్మే రికవరీ పొడి ఉంటే అది, లేకపోతే రోజూ తినే పెల్లెట్లు (గుళికల మేత) వేడి నీళ్లలో నానబెట్టి, గడ్డలు లేకుండా మెదిపి గోరువెచ్చగా. బొత్తిగా తినకపోతే కిలో బరువుకి రోజుకి 50 నుంచి 80 మి.లీ. కావాలి, అంటే మీ దానికి 45 నుంచి 70. అయిదారు విడతలుగా పంచండి, రాత్రి విడత మానొద్దు. సొంతంగా కొంత తింటుంటే ఆ మేరకు తగ్గించుకోవచ్చు. కాటా చూస్తే తెలిసిపోతుంది.

1 మి.లీ. సిరంజి కొన కోసి, అంచు నున్నగా రుద్దండి, లేకపోతే చిగురు గీరుకుంటుంది. టవల్లో చుట్టి నాలుగు కాళ్ల మీదే కూర్చోబెట్టండి, వెల్లకిలా అసలు వద్దు. ముందు పళ్ల వెనక ఖాళీ ఉంటుంది, పక్క నుంచి అక్కడ పెట్టి అర మి.లీ. కంటే తక్కువే వదిలి, నమిలి మింగేదాకా ఆగండి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగకుండా బయటికి కారుస్తుంటే బలవంతం చేయకండి. అప్పుడు అదే రోజు డాక్టర్ చూడాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
రేపు అపాయింట్‌మెంట్ దొరికింది. ముందు రాత్రి ఏమీ పెట్టొద్దన్నారు. నీళ్ల సీసాలో విటమిన్ సి చుక్కలు కూడా వేస్తున్నాను, చెక్క ముక్క కూడా పెట్టాను. ఇవి కొనసాగించనా?

జవాబు 3:
రాత్రంతా పస్తు పెట్టడం కుక్కలకు, పిల్లులకు. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు, పైగా ఖాళీ పొట్ట దానికే ప్రమాదం. మత్తు ఇచ్చే ముందు కాసేపు ఆపి, నోట్లో మిగిలిన తిండిని నీళ్లతో కడిగేస్తే చాలు. ఈ ఒక్క విషయం ఫోన్‌లోనే మళ్లీ అడగండి. జవాబును బట్టి ఆ డాక్టర్‌కి ఈ జంతువులతో ఎంత అలవాటుందో తేలిపోతుంది.

మత్తు లేకుండా చెవి చూసే గొట్టంతో లోపల చూస్తే కొన్నిసార్లు దొరుకుతుంది, చాలాసార్లు దొరకదు. నోరు అంత ఇరుకు. ‘పళ్లు బాగానే ఉన్నాయి’ అంటే ఎలా చూశారో అడగండి. తల ఎక్స్-రే తప్పక అడగండి, ఎందుకంటే పళ్లు పైకే కాదు, వేర్ల వైపుకీ పెరుగుతాయి. కింది దవడ ఎముక అంచు మీద వేలు పెట్టి నడపండి, గుబ్బలు తగిలితే అవి వేర్లే కావొచ్చు. పై వేర్లు పెరిగితే కంట్లో నీరు కారుతుంది, కన్ను ఉబ్బొచ్చు. దవడ కింద గట్టి గడ్డ ఉంటే చీము అనుకోవాలి. దాని చీము చిక్కగా ఉంటుంది, గాటు పెట్టి పిండితే పోదు, తరచూ ఆ పన్నూ తీయాల్సి వస్తుంది.

మందుల్లో గట్టిగా పట్టుకోవాల్సినది ఒకటే: నోటి ద్వారా అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్స్ ఇవ్వకూడదు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, విషాలు పుట్టించేవి పెరిగి ప్రాణం పోతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా మామూలుగా వాడేవి. నొప్పికి మెలాక్సికామ్ అడగండి, మోతాదు వాళ్లే చెప్పాలి. నొప్పి తగ్గకపోతే పళ్లు సరిచేసినా నోరు తెరవదు.

జవాబు 4:
సీసాలో చుక్కలు ఆపేయండి. నీళ్లలో, వెలుతురులో విటమిన్ సి త్వరగా పోతుంది, రుచి మారి నీళ్లు తాగడం కూడా తగ్గించొచ్చు. సిరంజితో నేరుగా ఇవ్వండి. మామూలుగా కిలోకి రోజుకి 10 నుంచి 30 మి.గ్రా., జబ్బు పడ్డప్పుడు 30 నుంచి 50. గినీ పిగ్ శరీరం దీన్ని తయారుచేసుకోలేదు. లోటైతే పన్నును పట్టి ఉంచే కణజాలం బలహీనపడి పళ్లు వదులవుతాయి.

చెక్క ఉంచినా నష్టం లేదు. కాకపోతే దవడ పళ్లను అరగదీసేది గడ్డి మాత్రమే, పక్కలకు గంటలకొద్దీ నూరితేనే అరుగుతాయి. కోలుకున్నాక తిమోతీ లాంటి గడ్డి ఎప్పుడూ ముందుంచి పెల్లెట్లు కుదించండి.

పళ్లు అరగదీయించిన వెంటనే గబగబా తింటుందనుకోకండి. దవడ కండరాలు సడలి ఉంటాయి, పుండు మానాలి. కొన్ని అదే రోజు తింటాయి, కొన్నింటికి వారం రెండు వారాలు సిరంజి తప్పదు. గడ్డిని చిన్న ముక్కలుగా, క్యారెట్, క్యాప్సికం సన్నటి పీలికలుగా కోసివ్వండి. రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. వేర్లు వంకర తిరిగుంటే మళ్లీ పెరుగుతాయి, నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి అరగదీయించుకుంటూ బతికే గినీ పిగ్‌లు చాలా ఉన్నాయి. తర్వాతి తేదీని పెరిగాక కాదు, బరువు రెండోసారి జారడం మొదలవగానే పెట్టించుకోండి.