కాకతీయ ఛాయలున్న కల్పిత కథలో "జాగీరు" అనే మాట చెల్లుతుందా?

ఓరుగల్లును తలపించే ఊహారాజ్యంలో రాజు తన సేనానికి "జాగీరు" ఇచ్చాడని రాయవచ్చా అని నిన్న ఒక మిత్రుడు అడిగారు. రెక్కల సింహాలు ఎగిరే కథలో ఒక్క మాటను పట్టుకోవడం ఎందుకని కొందరు అన్నారు గాని, ఆ ప్రశ్న న్యాయమైనదేనని నేను అనుకుంటున్నాను.

కాకతీయుల కాలపు శాసనాలలో ఇటువంటి ఏర్పాటుకు "నాయంకరము" అనే పేరు కనిపిస్తుంది. నాయకుడు తనకిచ్చిన ఊళ్ల రాబడితో సేనను పోషించి, రాజు పిలిచినప్పుడు దానితో వచ్చి నిలవాలి. జాగీరు కూడా మొదట కొలువుకు బదులుగా ఇచ్చిన రాబడి హక్కే కనుక, అర్థం దృష్ట్యా రెండూ దగ్గరివే. తేడా అంతా కాలంలో ఉంది. "జా" అంటే చోటు, "గీర్" అంటే పట్టుకున్నవాడు. ఈ ఫార్సీ మాట 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన తరువాతి శతాబ్దాలలో, పాలకుల దఫ్తరాల ద్వారా మన పల్లెలకు చేరింది. నిజాం రాజ్యంలోని జాగీర్లు 1949లో రద్దయినా, "ఇదేమన్న నీ అయ్య జాగీరా?" అని మన దగ్గర ఇప్పటికీ నిలదీస్తారు. అందువల్ల ఆ మాట వినగానే వరంగల్ పాఠకుడికి నాయకుల కోట కాదు, జాగీర్దారు గడీ కళ్లముందు నిలుస్తుంది.

అదే కథలో వంటవాళ్లు మిరపకాయలు నూరడాన్ని కూడా ఒకరు తప్పుపట్టారు. పోర్చుగీసువారు 1498లో మన తీరానికి వచ్చిన తరువాతే మిరప ఇక్కడికి చేరిందన్నది నిజమే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఎర్రటి మిర్చి రాశులు చూస్తూ పెరిగిన మనకు అది నమ్మశక్యంగా ఉండదు. అయినా ఊహాలోకపు నేలలో ఏ పంటైనా పండవచ్చు కనుక, ఆ అభ్యంతరానికి నేను అంత బలం ఇవ్వను. ఫార్సీ పలికే పాలకులు ఎన్నడూ అడుగుపెట్టని రాజ్యంలో "జాగీరు" పుట్టడానికి మాత్రం దారే లేదు.

"నాయంకరము" నేటి పాఠకుడికి కొత్త మాటే, కాని దానికి అడుగున వివరణ అవసరం లేదు. "రాజు అతనికి పన్నెండు ఊళ్లను నాయంకరంగా ఇచ్చాడు; ఆ రాబడితో మున్నూరు గుర్రాలను మేపి, భేరి మోగిన నాడు కోటముందు నిలపాలి" అని రాస్తే, అర్థం ఆ వాక్యంలోనే తెలిసిపోతుంది.